మచ్చ ఎటు నడిచింది?

ఉత్తర ఐస్‌లాండ్, హ్రావ్నబక్కి పొలం
మార్చి 14

ఒరేయ్ కెన్‌సాకూ,

చేరాను. మూడు విమానాలు, ఒక బస్సు, ఆఖర్న ఇంగిలేవ్ గారి ట్రాక్టరు. నన్ను చూడగానే ఆవిడ, "ఈసారి జుట్టంతా తెల్లబడిపోయిందే మిసావో! మా గొర్రెల్లో కలిసిపోతావు, ఎర్ర టోపీ పెట్టుకో" అంది. డెబ్బై దాటిన మనిషి, పైగా పదేళ్లుగా మన యాంటెన్నాలను తన గొర్రెల బారి నుంచి కాపాడుతున్న మనిషి కాబట్టి నోరు మూసుకుని పడ్డాను.

ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనిది నిన్న కాఫీ పోస్తూ అడిగింది. "నా పచ్చిక బయల్లో ఈ అరవై నాలుగు గుంజలూ నిలబడి ఏం చూస్తున్నట్టు?" చూడవు, వింటాయి అన్నాను. పాలపుంత నుంచి పగలూ రాత్రీ ఆగకుండా ఒక హోరు వస్తూ ఉంటుంది, దూరాన వాన పడుతున్నట్టు. సూర్యుడి నుంచి విసురుగా వచ్చిన రేణువులు మన గాలి పైఅంచున కురిసిన చోట, ఆ గాలి హోరును కాస్త మింగేస్తుంది. ఆ మింగేసిన చోటే మాకు మచ్చ. అది ఎక్కడ పుట్టింది, ఎటు నడిచింది, అంతే మేం రాసుకునేది. ఇక్కడి నేలలోంచి అయస్కాంత గీత ఒకటి లేచి, అంతరిక్షంలోకి పోయి, వంపు తిరిగి భూమి అవతలి కొసన మా తమ్ముడి నెత్తిమీద దిగుతుంది. రేణువులు ఆ గీత పట్టుకుని రెండు వైపులా కురుస్తాయి. ఇక్కడ మచ్చ పడితే అక్కడా పడుతుంది.

ఆవిడ కాఫీ కూజా అలాగే గాల్లో పట్టుకుని నిలబడింది. "అయితే మీ తమ్ముడి తలా, నా గొర్రెల తలలూ ఒకే దారానికి కట్టి ఉన్నాయన్నమాట" అంది. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఒక్కసారైనా ఇంత బాగా చెప్పలేకపోయాను.

ఇక అసలు సంగతి. సెప్టెంబరు చివరి వారంలో టోక్యో సభలో ప్రారంభ ఉపన్యాసం నాకిచ్చారు. వచ్చే ఏడు పదవీ విరమణ కాబట్టి ఇదే నా ఆఖరి మాట. చెప్పబోయేది నీకు తెలిసిందే. చిన్న మచ్చలు రెండు ఆకాశాల్లో ఒకే నిమిషంలో పుడతాయి, కానీ నా దగ్గర తూర్పుకు నడుస్తాయి, నీ దగ్గర పడమరకు. పదేళ్ల కింద ఈ మాట అన్నప్పుడు సభలో నవ్వారు. రేణువులన్నీ తూర్పుకే జరుగుతాయి కదమ్మా, ఈ ఒక్క చోట ఎలా వెనక్కి నడుస్తాయి అని ఒక పెద్దాయన చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఇప్పుడు పుస్తకాల్లో దానికి 'ఉజావా ఎదురునడక' అని మన ఇంటిపేరే పెట్టారు. ఎందుకలా నడుస్తాయో మాత్రం నాకూ తెలియదు. చచ్చేలోగా తెలుసుకోవాలని ఉంది.

కాబట్టి నీ వైపు రికార్డులు వారం వారం పంపు. అక్కడి గుంజలు పాతింది నువ్వే, తీగలు లాగింది నువ్వే. మూడోసారి చలికాలానికి వెళ్లావు గనక ఇప్పుడైనా బద్ధకించకు. మెడకు ఉన్ని చుట్టుకో.

మిసావో అక్క


మంచు ఖండం, తీరపు స్థావరం
ఏప్రిల్ 20

అక్కా,

నీ ఉత్తరం నాకంటే ముందు మొగామి చదివాడు. వాడు మా వంటవాడు. ఫ్యాక్స్ యంత్రం వంటగది పక్కనే ఉంది, కాగితం బయటికి రాగానే కూరగాయల ధర చూసినట్టు చూస్తాడు. "మెడకు ఉన్ని చుట్టుకోమంది మీ అక్క" అని నలభై మంది తింటున్న చోట గట్టిగా అరిచాడు. యాభై ఏళ్లొచ్చాయి నాకు. నువ్వు కాస్త చూసుకుని రాయి.

గుంజలు బాగానే ఉన్నాయి. రెండు వాలితే నిలబెట్టాను. సూర్యుడు ఇప్పుడు కొండల మీదికి బద్ధకంగా వచ్చి, అలా దొర్లి దిగిపోతున్నాడు. ఇంకో నెలకు అదీ ఉండదు.

పన్నెండో తేదీ పొద్దున పదకొండూ ఇరవైకి ఒక మచ్చ పడింది. నేను గుడిసెలో తెర ముందు టీ తాగుతున్నాను. అరవై నాలుగు గడుల్లో ముందు ఒక మూల నల్లబడింది. తర్వాత పక్క గడి. ఆ తర్వాత దాని పక్కది. తలుపు తీసి బయట చూస్తే ఎండ, మంచు, ఒక పక్షి. ఏమీ లేదు. లోపల చూస్తే తొంభై కిలోమీటర్ల ఎత్తున ఏదో పడమరగా తాపీగా నడిచి వెళ్తోంది. నేను చదువుకున్నవాణ్ని కాదు, తీగలు లాగేవాణ్ని. అయినా వేళ్ల మధ్య టీ కప్పు అలాగే చల్లారిపోయింది. నీకక్కడ ఎనిమిదీ ఇరవై అయ్యుండాలి. చూశావా?

కెన్‌సాకు


హ్రావ్నబక్కి పొలం
మే 9

తమ్ముడూ,

చూశాను! సరిగ్గా ఎనిమిదీ ఇరవై. నీ కాగితం నా కాగితం పక్కన పెట్టి చూశాను. నా మచ్చ పడమటి అంచున పుట్టింది, నీది తూర్పు అంచున, అద్దంలో బొమ్మలా. రెంటి మధ్య నేల మీద లెక్కేస్తే పదిహేను వేలకు పైగా కిలోమీటర్లు. నాది తూర్పుకు పోయింది, నీది పడమరకు. మళ్లీ ఎదురునడకే. ఒకే గీత రెండు చివర్లలో ఒకే చేయి కుడికీ ఎడమకీ ఎలా ఊపుతుందిరా? ప్రకృతికి ఇంత పంతం ఏమిటో.

ఇక్కడ గొర్రెలు ఈనుతున్నాయి. రాత్రి అనేది దాదాపు పోయింది. మొన్న ఇంకో మచ్చ వచ్చినప్పుడు ఇంగిలేవ్ గారు చంకలో గొర్రెపిల్లతో గుడిసెలోకి వచ్చి తెర చూసింది. "చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది, ధ్రువకాంతి చలికాలంలోనే ఆడుతుంది, వేసవిలో నిద్రపోతుందని. నిద్రా లేదు పాడూ లేదు, వెలుతురు చాటున ఆడుతోంది!" అని ఆ పిల్లను తెర దగ్గరికి ఎత్తి చూపించింది. అది తెరను నాకింది.

నిజంగా అక్కడే నిలబడిపోయాను కెన్. కళ్లకు ఎండ తప్ప ఏమీ లేని చోట ఇంత జరుగుతోందని మనకు తెలియడమే ఎంత అదృష్టం. ఇలాంటి జతలు ఇంకో పది పంపు. ఉపన్యాసం వాటితోనే నిండాలి.

మీ మొగామికి నమస్కారాలు. చదువుతున్నాడుగా.

అక్క


తీరపు స్థావరం
జూన్ 25

అక్కా,

మొన్న నడిచలికాలం పండగ చేసుకున్నాం. మొగామి మంచుకొండ ముక్కలు పగలగొట్టి తెచ్చి, వాటి మీద సన్న సేమియా వడ్డించాడు. డాక్టరు ఆడవేషం వేశాడు. అందరం కడుపుబ్బ నవ్వాం. మధ్యాహ్నం ఉత్తరాన ఎర్రగా ఒక గీత కనిపిస్తుంది, అంతే మా పగలు.

నెల మొదట్లో రికార్డులు శుభ్రం చేసే కంప్యూటర్ చచ్చిపోయింది. గుడిసెలో తెరను నడిపేది వేరే, అది బాగానే ఉంది. కొత్త డిస్కు ఓడలో వస్తేగానీ లేదు. గుంజల నుంచి వచ్చే ముడి గీతలను పాత పెన్ను యంత్రం మీద కాగితంలోకి దించి, నేనే చేత్తో చూసుకుంటున్నాను. పనిలేని చీకట్లో అదో కాలక్షేపం.

ఒక చిన్న సంగతి. పదేళ్ల కింద గుంజలు ఎలా పాతాలో నువ్వు గీసిచ్చిన పటం ఉందే, నీలం పెన్నుతో గీసింది, అది ఇంకా ఎక్కడైనా ఉందా? ఊరికే అడుగుతున్నాను.

కెన్‌సాకు


హ్రావ్నబక్కి పొలం
జూలై 6

ఒరేయ్,

కంప్యూటర్ చస్తే నాకు మూడు వారాలకా చెప్పడం? సరే, ముడి గీతలు నువ్వు చూసుకుంటున్నావు గనక బతికిపోయాం.

పటం టోక్యోలో నా బీరువాలో ఉండాలి. ఇప్పుడెందుకు? గుంజ విరిగిందా? విరిగితే పక్కదాన్ని చూసి పాతు, అన్నీ ఒక్కలాంటివే.

సభవాళ్లు మొన్న ఉత్తరం రాశారు. హాలు మార్చారట, పెద్దది. పదేళ్ల కింద నవ్విన ఆ పెద్దాయనే నన్ను పరిచయం చేస్తాడట. ఆ ఉత్తరం ఇంగిలేవ్ గారికి చదివి వినిపించాను. "మంచి బట్టలున్నాయా?" అని ఒక్క మాటే అడిగింది. లేవు. తను అల్లిన స్వెట్టర్ వేసుకోమంది, మెడ చుట్టూ మన మచ్చల్లాంటి నల్ల గడులు పెట్టి అల్లుతోంది. సంతోషంగా ఉందిరా. ఈ వయసులో చిన్నపిల్లలా ఇంత సంతోషం దాచుకోవాల్సి వస్తుందనుకోలేదు. తెచ్చిపెట్టింది నువ్వే. నీ చేత్తో లాగిన తీగలు లేకపోతే నాకు సగం ఆకాశమే ఉండేది.

జతలు పంపడం మానేశావు. ఎందుకు?

అక్క


తీరపు స్థావరం
జూలై 16

అక్కా,

తొమ్మిది రోజులుగా మంచు తుపాను. గాలి సెకనుకు నలభై మీటర్లు. గుడిసెకు తాడు పట్టుకుని వెళ్తున్నాం. నిన్న మైనస్ ముప్ఫై ఒకటి. ఇవాళ కాస్త తగ్గింది, మైనస్ ఇరవై ఆరు. రేపు మళ్లీ గాలి పెరుగుతుందంటున్నారు. సూర్యుడు కొండ మీదికి వచ్చాడని చెబుతున్నారు గానీ మబ్బులో ఎవరికీ కనిపించలేదు.

స్వెట్టర్ బాగుంటుంది.

కెన్‌సాకు


హ్రావ్నబక్కి పొలం
జూలై 24

కెన్‌సాకు,

అకితాలో మన ఇంట్లో నీకు ఎనిమిదేళ్లప్పుడు నా గాలిపటం చెరువులో పారేసి, మూడు రోజులు నాతో వాన గురించే మాట్లాడావు. అక్కా వాన పడుతుందేమో, అక్కా మబ్బు పట్టింది, అక్కా రేపు ఎండ. నీ తుపాను ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏం పారేశావు?

పటం అడిగావు, జతలు మానేశావు, ఇప్పుడు వాతావరణం. నేను చిన్నపిల్లను కాను, నువ్వూ కావు. సభకు రెండు నెలలే ఉంది. ఏదైనా ఉంటే ఇప్పుడు చెప్పు. నాకు జబ్బుగా ఉందని ఎవరైనా అన్నారా? నీకేమైనా జబ్బా? ముందు అదైనా రాయి. నిన్న ఆ ఆలోచనతో పూట భోజనం మానేశాను.

అక్క


తీరపు స్థావరం
ఆగస్టు 8

అక్కా,

నాకు జబ్బేమీ లేదు. జబ్బయితే బాగుండుననిపించింది కొన్ని రోజులు.

మనవాళ్లంతా చేసే పని నీకు తెలుసు. మచ్చ లేని రోజుల్లో పాలపుంత హోరు ఎలా ఉంటుందో ఒక గీత గీసి పెట్టుకుంటాం. తర్వాత ప్రతి రోజు రికార్డులోంచి ఆ గీతను తీసేస్తాం. మిగిలిందే మచ్చ. ఆ తీసివేత కంప్యూటరే చేస్తుంది గనక, ఆ తీసేసిన గీత మొహం పదేళ్లుగా ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. కంప్యూటర్ చచ్చాక జూన్‌లో మొదటిసారి చూశాను.

ఎంత బాగుందో చెప్పలేను. వారం రోజులు ఒక్క మచ్చ లేదు. పాలపుంత నడుమ భాగం, అన్నిటికంటే గట్టిగా హోరెత్తే చోటు, మా ఆకాశంలోకి ఎక్కి రావడం కాగితం మీద చూశాను. ఒక్కో గడిలో పెన్ను మెల్లగా పైకి లేచి, కాసేపు నిలబడి, దిగుతుంది. తర్వాత పక్క గడి. రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా, ఒక్క నిమిషం తప్పకుండా. ఎవరో మహానుభావుడు ఇంటి ముందు నుంచి రోజూ నడిచి వెళ్తున్నట్టు ఉండేది. నేను రోజూ ఎదురు చూసేవాణ్ని. ఆరో రోజున ఆయన ఎటు నుంచి వస్తున్నాడో గమనించాను.

పడమర నుంచి తూర్పుకు వెళ్తున్నాడు.

అక్కా, నక్షత్రాలు అలా నడవవు కదా. మన నెత్తిమీద తూర్పు నుంచి పడమరకే కదా నడవాలి. ముందు కాగితం తిరగేశానేమో అనుకున్నాను. తర్వాత పెన్నుల వరస మారిందేమో అనుకున్నాను. తుపాను తగ్గిన మూడు రోజుల్లో మొగామిని వెంటేసుకుని అరవై నాలుగు తీగలూ చేత్తో తడుముకుంటూ గుడిసె నుంచి గుంజ దాకా నడిచాను. కంప్యూటర్ తూర్పు అని లెక్కేసే అంకెల తీగలన్నీ పడమటి గుంజలకున్నాయి. పడమర తీగలన్నీ తూర్పున ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు, అంత శ్రద్ధగా తప్పు చేశాను.

నీ పటం నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. పైన ఉత్తరం బాణం, కింద గడులు, వాటికి అంకెలు. నేను కరెంటు పనివాణ్ని. పటం అంటే నాకు నేల మీద పరిచి పైనుంచి చూసేది. ఉత్తరం పైనుంటే కుడిచెయ్యి తూర్పు. అలాగే పాతాను. మొన్న గుంజల మధ్య మంచులో వెల్లకిలా పడుకుని, గుర్తున్నట్టు గీసిన కాగితాన్ని మొహం మీద ఎత్తి పట్టుకున్నాను. బాణం ఉత్తరానికే తిప్పాను. కుడిచెయ్యి పడమరకు వచ్చింది. నువ్వు ఆకాశం చూసేదానివి. నీకు పటం అంటే పడుకుని పైకి చూసేదే. నిన్నొక మాట అడిగి ఉంటే సరిపోయేది. అక్కను అడిగితే 'ఇదీ తెలియదా' అంటావని అడగలేదు.

కాబట్టి ఎదురునడక లేదు. నా మచ్చలు కూడా తూర్పుకే నడుస్తున్నాయి, పదేళ్లుగా.

నలభై రోజులు దాచాను. మొగామి అన్నాడు, "సభ కానివ్వండి. ఆమె మాట్లాడేసి స్వెట్టర్ వేసుకుని ఇంటికెళ్లాక చెప్పండి. తీగలు ఇప్పుడు మార్చేస్తే అసలెవరికీ తెలియను కూడా తెలియదు." వాడు మంచివాడే, నీ మీద జాలితో అన్నాడు. నేనూ ఒక పూట అదే అనుకున్నాను. కానీ ఆకాశంలో ఆ మహానుభావుడు నడిచి రావడం చూశాక ఆయన రాక గురించి అబద్ధం ఆడడానికి నాకు ధైర్యం చాలడం లేదు. నీ పేరు నా చేత్తో చెరిపేశాను. తిట్టు. ఏం చేయమంటావో చెప్పు.

కెన్‌సాకు


హ్రావ్నబక్కి పొలం
ఆగస్టు 16

ఫ్యాక్స్ అందింది. నేను చెప్పేదాకా తీగలు ముట్టుకోకు.

మిసావో


హ్రావ్నబక్కి పొలం
సెప్టెంబరు 21

నా తమ్ముడూ,

అయిదు వారాలు నీకు రాయలేదు. మొదటి రెండు రోజులు నిన్ను తిట్టాను. నోటితోనే, గట్టిగా, గొర్రెల ముందు నిలబడి. చవటా, దద్దమ్మా, తీగలు లాగడం తప్ప ఏమీ రానివాడా అని. ఇంగిలేవ్ గారికి జపనీస్ రాదు గానీ తిట్లని తెలుసుకుంది. రొట్టె తెచ్చి గోడ మీద పెట్టి వెళ్లిపోయింది.

మూడో రోజు టోక్యోకు ఫోన్ చేసి పటం తీయించి తెప్పించుకున్నాను. నీలం పెన్ను. పైన ఉత్తరం బాణం. అంతే. తూర్పు అని ఎక్కడా రాయలేదు. నా చేతిరాతే. అందరూ నాలాగే పడుకుని పైకి చూస్తారనుకున్నాను. పాతికేళ్లు ఆకాశం చూసినదాన్ని, మంచులో నిలబడి గుంజ పాతేవాడు కిందికి చూస్తాడని తట్టలేదు. కాబట్టి సగం తప్పు నాది. నిజం చెప్పాలంటే సగం కంటే ఎక్కువే. అడగాలంటే నువ్వు భయపడేలా ఉన్నానంటే అదీ నా ఖాతాలోదే.

ఆ తర్వాత కూర్చుని పదేళ్ల జతలన్నీ తీశాను. నాలుగు వందల పన్నెండు. నీ వైపువి ఒక్కొక్కటీ తూర్పు పడమరలు తిప్పి, నా వాటి పక్కన పెట్టాను. ఎలా చెప్పనురా. మొదటి జత తిప్పగానే రెండు మచ్చలూ కలిసి నడిచాయి. రెండోది. మూడోది. నలభయ్యోది వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది, దుఃఖంతో కాదు. పదేళ్లు నేను అద్దంలో బొమ్మ అనుకుని, దాని కారణం కోసం బుర్ర బద్దలు కొట్టుకున్నాను. అక్కడ బొమ్మా లేదు, అద్దమూ లేదు. రెండు చోట్ల కనిపించే ఒకటే మచ్చ. సూర్యుడి దగ్గర్నుంచి వచ్చిన ఏదో, మన భూమిని రెండు కొసలా పట్టుకుని, రెండు చేతులూ ఒకే వైపుకు జరుపుతోంది. నేను కనిపెట్టానన్న వింత కంటే ఇది ఎంతో పెద్దది. ఇది రోజూ నా కళ్ల ముందే ఉంది, నేనే తిరగేసి చూశాను.

కొన్నిచోట్ల నీ మచ్చ నాదానికంటే కాస్త పక్కకు పడుతోంది, నలభై యాభై కిలోమీటర్లు. అది తీగల తప్పు కాదు, సరిచూశాను. అదెందుకో ఎవరైనా చిన్నవాళ్లు చూస్తారు.

సభవాళ్లకు రాశాను. ఎదురునడక లేదని, తప్పు ఎలా జరిగిందో, నా పటం కాపీతో సహా. ప్రారంభ ఉపన్యాసం వద్దన్నాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది. ప్రారంభం ఇంకొకరికిచ్చారు. నాకు ఆఖరి రోజు మధ్యాహ్నం చిన్న గదిలో పది నిమిషాలిచ్చారు. ఇంటిపేరు పుస్తకాల్లోంచి పోతుంది. పోనీ. నలభై రోజులు నువ్వు మోశావు, ఇక ఆ పది నిమిషాలు నేను మోస్తాను. చేసింది చేసినట్టు చెబుతాను. ఎల్లుండి బయల్దేరుతున్నాను. స్వెట్టరే వేసుకుంటాను.

ఈ ఉత్తరం నిన్నే పంపేదాన్ని. ఇవాళ పొద్దున జరిగింది కూడా రాయాలని ఆగాను. ఎనిమిదీ నలభైకి మచ్చ పడింది. సన్నగా వాన తుంపర. నేను గుడిసెలో కూర్చోలేకపోయాను. ఇంగిలేవ్ గారిని తెర ముందు కూర్చోబెట్టి, "నల్లబడిన గడి పడమర నుంచి ఎన్నో వరసో అరిచి చెప్పండి" అని బయటికి పరిగెత్తాను. మచ్చ నెత్తిమీద రెండు వందల కిలోమీటర్లు నడుస్తుంటే, కింద గుంజల మధ్య నేను యాభై అడుగులు నడవాలి, అంతే కదా లెక్క. ఆవిడ కిటికీలోంచి "రెండు!" అంది, నేను రెండో వరస దగ్గరున్నాను. "మూడు! అక్కడే ఆగింది... ఆగు మిసావో, తొందరపడకు... ఆ, కదిలింది, నాలుగు!" గొర్రెలన్నీ తలెత్తి చూశాయి. అరవై దగ్గరపడిన ముసలిది ఎర్ర టోపీతో, పైకి చూస్తూ, తూర్పుకు అడుగులో అడుగేస్తోంది. కనిపించేది మబ్బు మాత్రమే. అయినా అది నా తలకు సరిగ్గా పైన ఉందని, నా నడక దాని నడకేనని నాకు తెలుసు. ఎనిమిదో వరస దాటి కంచె దగ్గర ఆగాను. అది ఆగలేదు, సముద్రం మీదికి వెళ్లిపోయింది. ఇంత భాగ్యం నా పేరుకు వచ్చిన పదేళ్లలో ఒక్క రోజూ కలగలేదు.

ఇక తీగలు మార్చు. ఒక్కొక్కటీ, నిదానంగా. చేతులు కొంకర్లు పోతాయి, లోపల ఇంకో జత తొడుగులు వేసుకో. నీ మీద కోపం లేదు.

అక్క


తీరపు స్థావరం
సెప్టెంబరు 21

అక్కా,

తీగలు ముట్టుకోవద్దన్న ఆ ఒక్క ముక్క తర్వాత నీ దగ్గర్నుంచి ఇంకా ఏ మాటా రాలేదు. మొగామి రోజూ ఫ్యాక్స్ యంత్రం చూసి నా వైపు తల అడ్డంగా ఊపుతున్నాడు. నువ్వు రాసేదాకా ఊరుకుందామనుకున్నాను గానీ, ఇవాళ జరిగింది చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఇప్పుడు ఇక్కడా పగలూ రాత్రీ సమానం. పొద్దున పదకొండూ నలభైకి మంచి ఎండలో మచ్చ పడింది. తీగలు నువ్వు ముట్టుకోవద్దన్నావు గనక ముట్టుకోలేదు. తెర మీద అది ఎప్పటిలాగే పడమరకు బయల్దేరింది. నాకు లోపల ఉండబుద్ధి కాలేదు. మొగామిని తెర దగ్గర కూర్చోబెట్టి, రేడియో పట్టుకుని గుంజల మధ్యకు వెళ్లాను. వాడు ఎనిమిదో వరస అన్నప్పుడు నేను ఒకటో వరసలో నిలబడ్డాను. ఏడు అన్నాడు, రెండో వరసకు నడిచాను. ఆరు అన్నాడు, మూడో వరస.

"కెన్‌సాకు గారూ, అటు కాదు! మచ్చ ఇటు పోతోంది, మీరు ఎదురు నడుస్తున్నారు!" అని రేడియోలో ఒకటే గోల.

"తెర తప్పురా. నేను పోతున్నదే రైటు" అన్నాను.

"తెర అయిదు చూపిస్తోంది! ఎక్కడున్నారు?"

"నాలుగో వరస. దాని కిందే."

తారుమారైన తీగల సంగతి వాడికి అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత నెమ్మదిగా, "అయితే నడవండి, నేను చదువుతాను" అని మిగతా అంకెలన్నీ గుసగుసగా చదివాడు, ఏదో గుళ్లో ఉన్నట్టు. మంచు మోకాళ్ల దాకా ఉంది, రెండుసార్లు పడ్డాను. తూర్పు చివరి గుంజ పట్టుకుని నిలబడి పైకి చూస్తే ఒట్టి నీలం. అక్కా, నీకు నా మొహం చూడాలని ఉందో లేదో తెలియదు. కానీ ఆ కాసేపూ నువ్వు నా పక్కనే నడిచావు, అది మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

కెన్‌సాకు